నింగిలోని కన్ను ఎవరిది?

(కామారెడ్డి, ఎల్లారెడ్డి యువజనుల యెదుట చేసిన యుపన్యాసము)



పూర్వము సైన్యములు శత్రువు జాడ తెలియుటకు గుట్టలెక్కి చూచెడివి. నేడు గుట్టకంటె నెత్తున డ్రోనును నిలుపుచున్నవి. 2020లో గల్వాన్ లోయలో మన జవానులు నేలకొరిగిన పిమ్మట, 2021 జనవరిలో మన సైన్యము ‘స్విచ్’ అను వేగుచూచు డ్రోనులకై ఐడియాఫోర్జ్ సంస్థతో సుమారు 2 కోట్ల డాలర్ల యొడంబడిక చేసికొన్నది. బొంబాయి ఐ.ఐ.టి.లో చదివిన యువకులు నెలకొల్పిన సంస్థ యిది. ఆ డ్రోను బరువు ఆరున్నర కిలోలు, రెక్కల నిడివి 2.6 మీటర్లు. దానికి రన్‌వే యక్కరలేదు. నిలువున లేచి, పిమ్మట రెక్కల యాధారమున విమానమువలె సాగును. 4000 మీటర్ల యెత్తుగల కొండనుండియు లేచి, రెండుగంటలకు పైగా నింగిలో నుండగలదు. పగటి కెమెరాయు, చీకటిలో వేడిమిని పసిగట్టు కెమెరాయు దానికి కన్నులు.

అయినను దాని సంకేతము చేరునది 15 కిలోమీటర్లే. కామారెడ్డిలో వదలినచో ఎల్లారెడ్డి చేరదు; సగము త్రోవ రాకమునుపే పట్టు తప్పును! పటాలము వెంట నడచు కన్నే గాని, సరిహద్దంతయు కాచు కన్ను గాదది. అట్టి పనికి పెద్దవి వేరుగా నున్నవి. వానిలో ‘దృష్టి 10’ మన హైదరాబాదులోనే తయారై 2024 జనవరిలో నౌకాదళమున కందినది. సంతోషమే, కాని దాని మూలరూపము ఇజ్రాయేలుది.

అంతకంటె మమ్ము కలతపెట్టినది వేరొకటి. 2025 ఫిబ్రవరిలో రక్షణశాఖ, చీనా భాగములు కలవను కారణమున, సరకు మోయు 400 డ్రోనుల యొడంబడికలను రద్దుచేసినది. పరదేశపు నూలు తెచ్చి ఖద్దరని యమ్ముట వంటిదే యిది. దొంగ ఖద్దరు కట్టినవానికి పోవునది పరువు. దొంగ డ్రోనును నమ్మిన జవానుకు పోవునది ప్రాణము. చిప్పులో నేమి దాగెనో దానిని చేసినవానికే గదా తెలియును!

ఇది సరిహద్దు మాట, మనకేల యందురా? 2025 ఆగష్టులో ఈ జిల్లా వరద పాలైన దినములలోనే, పొరుగున నర్మాలకడ నీట చిక్కిన రైతులకు డ్రోనే యన్నము చేర్చినది. వారిని గట్టు చేర్చినది సైనిక హెలికాప్టరు.

యువకులారా! డ్రోనును ఎగురవేయుట కొలదిదినముల విద్య. మోటారుకు తీగ చుట్టుట, బ్యాటరీ కూర్చుట, దానిని నడపు ప్రోగ్రాము వ్రాయుట ఏండ్ల విద్య. ఈ రెండు పట్టణముల కళాశాలలయందు ఆ పనికై యొక గదియు, కొన్ని పనిముట్లును, చేసి చూపగల గురువునొకనిని ఏర్పరుపుడని ప్రభుత్వమును మేము కోరుచున్నాము.