పనిలేకుండా అడవికి
(భైంసాలో చేసిన స్మారకోపన్యాసం)

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట పెట్టారో ఆ డ్రిల్లు సారు మీలో చాలామందికి పాఠం చెప్పినవారే. ఆయన గొప్పతనం నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. అందుకే ఆయనకు ఇష్టమైన సంగతి ఒకటి ఎత్తుకుంటాను. పిల్లలను బడి గోడ దాటించి గుట్టలకు, వాగులకు తీసుకుపోవడం.

అమెరికాలో నల్లజాతివారు ఈ పనికి గట్టిగా పూనుకున్నారు. రూ మ్యాప్ అనే ఆమె 2009లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ‘అవుట్‌డోర్ ఆఫ్రో’ మొదలుపెట్టారు. అడవి నడక, పడవ, పిట్టలను చూడటం, ఈత... తమవాళ్లను వెంట తీసుకుపోయేవాళ్లను ఊరూరా తయారుచేస్తున్నారు. వింటే మొదట నవ్వొస్తుంది. చెట్ల కిందికి పోవడానికి ఒక సంస్థ కావాల్నా?

పత్తి తెలిసిన ఊరు మనది. జవాబు ఇక్కడే ఉంది. మన జిన్నింగు మిల్లులకు వచ్చే పత్తిని ఏరే కూలితల్లి పొద్దంతా ఆకాశం కిందే ఉంటుంది. ఆమెకు ఎండ కరువా, గాలి కరువా? లేనిదల్లా పని లేకుండా అక్కడ కూర్చునే తీరిక. కూర్చుంటే ‘నీకిక్కడేం పని’ అని ఎవరూ అడగరన్న ధీమా. అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ల బతుకూ పత్తిచేలలోనే తెల్లారింది. బానిసత్వం పోయినా అడవి వాళ్లకు చల్లని నీడ కాలేదు. మనుషులను చెట్లకు ఉరితీసిన కాలం అది. ఆ సంగతులు విని పెరిగిన ఇంట్లో నాయనమ్మ ‘చెట్లల్లకు పోకు బిడ్డా’ అనే చెప్తుంది. అంతమాత్రాన వాళ్లకు ప్రకృతి మీద మక్కువ లేదనడం అన్యాయం. బానిసగా పుట్టిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896లో అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థలో చేరి, పత్తి పీల్చేసిన నేలలో పల్లీ, బొబ్బర వేయమని రైతులకు చెప్పారు. ఆయన తెల్లవారుజామునే అడవికి పోయి మొక్కలు ఏరుకొచ్చేవారు.

నీళ్ల కథ ఇంకా చేదు. 1919 జులై 27న షికాగో దగ్గర మిచిగాన్ సరస్సులో యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల నల్ల కుర్రాడు తెప్ప మీద ఆడుకుంటూ తెల్లవాళ్లు తమదనుకునే వైపు కొట్టుకుపోయాడు. ఒడ్డు మీది నుంచి ఒకడు రాళ్లు విసిరాడు. పిల్లవాడు మునిగిపోయాడు. దాంతో లేచిన గొడవల్లో 38 మంది చచ్చిపోయారు. ఎనిమిదేళ్లకు, 1927 మార్చి 20న, ఇక్కడ మహారాష్ట్రలోని మహాడ్‌లో, దళితులను ముట్టుకోనివ్వని చవదార్ చెరువు నీళ్లు అంబేద్కర్ దోసిట పట్టి తాగారు. ఆయన వెంట వచ్చినవాళ్లను అగ్రకులాలవాళ్లు కొట్టారు, తర్వాత చెరువును ‘శుద్ధి’ చేశారు. మరాఠీ వినపడే మన వీధుల్లో ఈ కథ తెలియనివాళ్లు తక్కువ. ముట్టుకోనివ్వని నీళ్లలో ఈత ఎవరు నేర్చుకుంటారు? తండ్రికి రాని ఈత కొడుక్కి ఎవరు నేర్పుతారు? చట్టం మారినంత మాత్రాన ఈత రాదు.

మన దగ్గర పెద్ద తలుపు తెరిచింది సాంఘిక సంక్షేమ గురుకులాలే. అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, శిక్షకుడు శేఖర్ బాబు కలిసి పిల్లలను భువనగిరి గుట్ట ఎక్కించారు, అక్కడినుంచి డార్జిలింగ్ పంపారు. తెలంగాణ ఏర్పడటానికి వారం ముందు, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ పక్కనే ఉన్నాడు. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. 2022లో డెనాలీ ఎక్కి ఆ అమ్మాయి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. అదే ఏడాది మే నెలలో అందరూ నల్లవారే ఉన్న జట్టు తొలిసారి ఎవరెస్టు చేరింది.

శిఖరం ఫొటోకు నేనూ చప్పట్లు కొడతాను. కానీ అడగాల్సింది మామూలు ఆదివారం తీరిక గురించి. 2020 మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పిట్టలను చూస్తున్న క్రిస్టియన్ కూపర్ కుక్కకు పట్టీ కట్టమన్నందుకు ఒక తెల్ల మహిళ పోలీసులకు ఫోన్ చేసి నల్లవాడు బెదిరిస్తున్నాడని చెప్పింది. శిఖరానికి పోయేదాకా ఎందుకు, పార్కులో నిలబడటమే కష్టమైంది. కొన్ని రోజులకే పక్షిప్రేమికులైన నల్లవాళ్లు ఒక వారమంతా తమ దుర్భిణులతో బయటికొచ్చారు.

మనకు గడ్డెన్న వాగు ఊరి పక్కనే ఉంది. బాసరలో గోదావరి ఉంది. ఘాట్లు దాటితే కుంటాల జలపాతం, అటు 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల. వీటిని చూడని హాస్టల్ పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఉపదేశం అక్కర్లేదు. బస్సు కావాలి, కాళ్లకు బూట్లు కావాలి, ఆడపిల్లల వెంట ఒక మేడం కావాలి, చీకటి పడేలోగా తిరిగొస్తామన్న మాట తల్లికి ఇవ్వాలి. అడవి గురించి చెప్పడానికి గోండు, కొలాం పెద్దలను పిలవండి. ఊరికే కాదు, కూలి కట్టించి.

అందుకే ఈ ఉపన్యాసం నడిపే నిధి నిర్వాహకులకు నాదొక మనవి. వచ్చే ఏడు ఈ వేదిక మీద ఉపన్యాసం వద్దు. ఈ డబ్బుతో బస్సు మాట్లాడండి. వానల ఉధృతి తగ్గాక, దసరా సెలవులు అయిపోయాక కుంటాలకు పోవాలి. నీళ్లలోకి దిగనివ్వొద్దు, అక్కడ ప్రాణాలు పోయాయి. ఈత ముందు లోతులేని చోట, నేర్పేవాడు పక్కనుండగా మొదలుపెట్టాలి. మొదటి బస్సు ఎస్సీ హాస్టల్ ఆడపిల్లలకు. సీట్లు మిగిలితే నాలాంటి ముసలివాళ్లు ఎక్కుతారు.