ఉయ్యాల ఎవరు ఊపాలి?

 

ముందు ఒక మాట అడుగుతాను. చిన్నప్పుడు మీరు బడికి ఎందుకు పోలేదు?

నా సంగతి చెబుతాను. నేను రెండో తరగతితో బడి మానేశాను. మా అమ్మ కూలికి పోయేది. ఇంట్లో చంటి తమ్ముడు. వాణ్ణి ఎవరు ఎత్తుకోవాలి? నేనే. వాడు నడిచేసరికి చెల్లెలు పుట్టింది. నా పలక అటక ఎక్కింది. పెద్దయ్యాక రాత్రిబడిలో మళ్ళీ 'అ, ఆ' దిద్దాను.

ఇది మా అమ్మ తప్పా? కాదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. బిడ్డను చేనుకు తీసుకుపోతే ఎండ, పురుగూ పుట్రా. ఒంటరిగా ఇంట్లో వదిలితే నిప్పు, నీళ్ళ భయం. చివరికి ఆడపిల్ల చదువే ఆగిపోతుంది.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. నిజమే. 1975 నుంచి ఉంది. మూడేళ్ళు నిండిన పిల్లలు అక్కడ ఆడుకుంటారు, తింటారు. కాని చంటిబిడ్డను పగలంతా చూసుకునే ఏర్పాటు మామూలు అంగన్‌వాడీలో లేదు.

అందుకే ప్రభుత్వం శిశు సంరక్షణ కేంద్రాలకు డబ్బు ఇచ్చింది. వీటినే క్రెష్‌లు అంటారు. మొదట ఖర్చులో ఎక్కువ భాగం కేంద్రమే ఇచ్చేది. స్వచ్ఛంద సంస్థలు నడిపేవి. 2017లో ఈ లెక్క మార్చారు. వంద రూపాయల ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 30, నడిపే సంస్థ 10 పెట్టుకోవాలన్నారు. ఆ తర్వాత దేశంలో చాలా కేంద్రాలు మూతపడ్డాయి. చూశారా! ఢిల్లీలో లెక్క మారితే మన పిల్లల ఉయ్యాల ఆగింది.

2022లో మళ్ళీ మార్చారు. 'పాల్నా' అని కొత్త పేరు పెట్టారు. పాల్నా అంటే హిందీలో ఉయ్యాల. ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పెట్టుకోవాలి. అంగన్‌వాడీలోనే క్రెష్ నడపవచ్చు అన్నారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు పిల్లలను చేర్చుకోవాలి. ఒక కేంద్రంలో 25 మంది. నెలకు 26 రోజులు. రోజుకు ఏడున్నర గంటలు. తిండి, నిద్ర, ఆటపాటలు, టీకాలు అన్నీ చూడాలి.

కాని ఇది అన్ని ఊళ్ళకూ రాలేదు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. మరి మనం ఏం చేయాలి?

ముందు లెక్క రాయండి. మన వాడలో ఆరేళ్ళలోపు పిల్లలు ఎంతమంది? తల్లులు ఎన్నింటికి పనికి పోతారు? ఎన్నింటికి వస్తారు? చంటిబిడ్డ కోసం బడి మానిన ఆడపిల్లలు ఎందరు?

తర్వాత అర్జీ రాయండి. మనం పనికి పోయే వేళకే కేంద్రం తెరవాలని అందులో అడగండి. అంగన్‌వాడీ టీచరుకు చూపండి. సి.డి.పి.ఓ. గారికి ఇవ్వండి. గ్రామసభలో లేచి చదవండి. నకలు మీద తేదీ, సంతకం వేయించుకుని దాచుకోండి.

ఈ అర్జీ ఇంకొకరితో రాయించుకోనక్కర్లేదు. ఇప్పుడు మనకే రాయడం వచ్చు.

మన చదువు ఆలస్యమైంది. మన కూతుళ్ళ చదువు ఆగకూడదు. అందరం కలిసి అడుగుదాం.

సెలవు.