తిన్న రెండు గంటలకు చూసుకోండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. నేను డాక్టరును కాను, ఇంజినీరును. పన్నెండేళ్లుగా షుగర్ మందులు వాడుతున్నవాణ్ణి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. మన వయసు వాళ్లు కూర్చున్న ఏ సభలోనైనా ఇది ఇంటి సంగతే.

మనలో చాలామంది పరగడుపున రక్తం ఇచ్చి, 110 వస్తే "అంతా బాగుంది" అనుకుని ఉగ్గాని, బజ్జి తినడానికి పోతాం. తిన్నాక ఎంతుందో చూడం. రాజోలి వాళ్లకు ఇందులో లోపం చెప్పడం తేలిక. ఎండాకాలంలో తుంగభద్ర మట్టం చూసి వరద ఎంత వస్తుందో చెప్పగలమా? 2009 అక్టోబరులో ఊరిని ముంచింది ఏడాది పొడుగునా పారిన నీళ్లు కాదు, ఒక్కసారిగా వచ్చిన నీళ్లు. రక్తంలో చక్కెరా అంతే. ఆరోగ్యవంతుడికి తినగానే ఇన్సులిన్ గేట్లు తెరుచుకుంటాయి. మనకు ఆ గేట్లు ఆలస్యంగా, సగమే తెరుచుకుంటాయి. ఆలోపు వరద పైకెక్కుతుంది.

రోజుకు మూడుసార్లు, ఏళ్ల తరబడి ఇలా జరిగితే కంటిలోని సన్నని రక్తనాళాలు, కిడ్నీలు, పాదాల నరాలు దెబ్బతింటాయి. జరీ పోగు చూసి బతికే ఊరు మనది. నేతగాడికి చూపు పోతే మగ్గం పోయినట్టే.

చేయవలసింది పెద్దగా లేదు. మొదటిది, కొలవడం. మొదటి ముద్ద నోట్లో పెట్టిన సమయం నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు చూడండి. సాధారణంగా 180 లోపు ఉండాలంటారు. పెద్ద వయసు వాళ్లకు, ఇతర జబ్బులు ఉన్నవాళ్లకు ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. ఏం తిన్నారో పక్కన రాసుకోండి. వారం రోజుల్లో ఏ తిండికి ఎంత పెరుగుతుందో మీకే తెలుస్తుంది.

రెండోది, కంచం. సగం కూరలు, పావు భాగం పప్పు లేదా గుడ్డు, పావు భాగం అన్నం లేదా రొట్టె. ముందు పుంటికూర పప్పు, కూరగాయలు తిని, అన్నం చివర తినండి. జొన్నరొట్టె మంచిదే, కానీ నాలుగు తింటే మంచిది కాదు. రాగులు మంచివే, కానీ జావ కాచి తాగితే చక్కెర త్వరగా ఎక్కుతుంది. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉందని తేలింది, చాలా సన్నబియ్యాల కన్నా అది తక్కువ. అయినా కంచం నిండా పెట్టుకుంటే ఏ అన్నమైనా అన్నమే.

మూడోది, నడక. కాళ్ల కండరాలు పనిచేస్తుంటే ఇన్సులిన్ కోసం చూడకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. వరదకు ఇంకో కాలువ తెరిచినట్టు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 2016లో షుగర్ ఉన్న 41 మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. రోజులో ఎప్పుడో ఒకసారి 30 నిమిషాలు నడవడం కన్నా, మూడుపూటలా తిన్న వెంటనే పదేసి నిమిషాలు నడిస్తే భోజనం తర్వాతి చక్కెర 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత 22 శాతం తక్కువ. కాబట్టి భోజనం కాగానే మగ్గంలోకి దిగకండి, కుర్చీలో కూలబడకండి. పది నిమిషాలు నడిచి రండి.

ఒక హెచ్చరిక. నా మాట విని మందులు మానేయకండి. మాత్ర వేసుకుని లేదా ఇన్సులిన్ తీసుకుని భోజనం ఎగ్గొట్టకండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే చక్కెర 70 కన్నా పడిపోయిందేమో చూడండి. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి.

మన సార్లు పరీక్ష పేపరు మీద ఎర్ర సిరాతో మార్కులు వేసేవారు, దాచుకోవడానికి వీలుండేది కాదు. ఇప్పుడు మన పేపరు మనమే దిద్దుకోవాలి. మధ్యాహ్నం విందులో భక్ష్యాలున్నాయని తెలిసింది. సగం భక్ష్యం తిందాం, సగం పక్కవాడికి ఇద్దాం. ఆ తర్వాత అందరం కలిసి నది ఒడ్డుదాకా నడిచి వద్దాం.

సెలవు.