కొత్త దంతవైద్యులకు పెద్దల అండ

గౌతమీ తీరాన ఉన్న మన కపిలేశ్వరపురంలో, బీడీఎస్ పూర్తిచేసిన అమ్మాయి సొంతంగా క్లినిక్ పెట్టాలనుకుందనుకోండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ల చదువు ఆమెకు పన్ను తీయడం, రూట్ కెనాల్ చేయడం నేర్పింది. మరి క్లినిక్ నడపడం ఎవరు నేర్పాలి?

ముందు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం క్లినిక్‌ను రిజిస్టర్ చేయించాలి. ఎక్స్‌రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. వాడిన సూదులు, బ్లేళ్లు గట్టి తెల్ల డబ్బాలోనే వేయాలి. పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి.

ఇక్కడే వృత్తి సంఘం అక్కరకొస్తుంది. ఇండియన్ డెంటల్ అసోసియేషన్‌కు జాతీయ స్థాయిలోనూ, రాష్ట్రాల్లోనూ, పట్టణాల్లోనూ శాఖలున్నాయి. అది శిక్షణ సదస్సులు నిర్వహిస్తుంది, పత్రిక తెస్తుంది. అన్నిటికన్నా విలువైనది సీనియర్ల పరిచయం. జ్ఞానదంతం కేసు మొండికేసినప్పుడు ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి ఉండటం ఎంత ధైర్యం!

మన దేశంలో ఈ వృత్తికి దారి వేసినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. 1920లో కలకత్తాలో దేశంలోనే తొలి దంతవైద్య కళాశాల స్థాపించి, 1925లో వృత్తి పత్రిక ప్రారంభించారు. ఆ తర్వాత 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది.

యువ డాక్టర్లూ, సంఘంలో చేరండి, సందేహం వస్తే మొహమాటపడకుండా అడగండి. పెద్దలూ, మీ దగ్గరికొచ్చిన కొత్తవారికి ఒక గంట కేటాయించండి. ఆ గంట రేపు పల్లెలో ఎవరి పంటినొప్పినో తీరుస్తుంది.