చేయి విడువని వరుస: అరకు థింసా

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయలో, చైత్రమాసపు పండుగలకూ పెళ్లిళ్లకూ తుడుము మోగిందంటే థింసా మొదలైనట్టే. బగత, వాల్మీకి, కోటియా, కొండదొర తదితర తెగలవారు తరతరాలుగా ఆడుతున్న ఈ సామూహిక నృత్యంలో, నర్తకులు ఒకరి వీపు వెనుకగా మరొకరి చేతిని గట్టిగా పట్టుకొని వరుసకట్టి, అడుగులో అడుగు కలుపుతూ, పాములా మెలికలు తిరిగి వలయంగా మారుతారు. పట్టు సడలితే వరుస చెదురుతుంది. అందుకే థింసాలో ముందు పట్టు, తర్వాతే అడుగు.

తుడుము అంటే కర్రలతో వాయించే తోలువాద్యం. దానికి తోడయ్యే మోరి, సన్నాయిని పోలిన ఊదుడు వాద్యం. స్కాట్లండులో కేలీ అనే నృత్య సమావేశాల్లో అడుగులను బిగ్గరగా చెప్పే వ్యక్తి ఉంటాడు. థింసాలో ఆ పనిని వాద్యమూ, నెమలి ఈకల కట్ట పట్టుకొని వరుసను నడిపించే నాయకుడూ చేస్తారు.

థింసాలో రకాలు అనేకం. వంగి నేలమీది రాళ్లను ఏరుతున్నట్టు ఆడేది గొడ్డి బేట. పులి నుండి తప్పించుకోవడాన్ని చూపేది బాగ్ థింసా. కొండల్లోని బ్రతుకే ఇక్కడ అడుగులుగా మారింది, ఈ నృత్యపు అసలు అందం అదే.

కొత్తవారు వరుస చివర చేరి, పక్కవారి చేతిని వదలక, వారి పాదాలను గమనిస్తే చాలు. అయితే బోడ థింసా గ్రామదేవత గౌరవార్థం ఆడేది గనుక, అక్కడ గ్రామస్థులు పిలిచిన తర్వాతే వరుసలో చేరడం మర్యాద.