నడుము శస్త్రచికిత్సలో చిరుగు పొర



దినమంతయు కుర్చీలలో గడపువారి సభలో నడుమునొప్పిని పరిచయము చేయ నక్కరలేదు. చాలమందికి ఆ నొప్పి కొలదివారములలో తనంత తానే తగ్గును. పూసల నడిమి బిళ్ల జారి నరమును నొక్కుటచే కాలు బలహీనమగుచున్నపుడో, నరములు పోవు మార్గము ఇరుకైనపుడో కొందరికి మాత్రము శస్త్రచికిత్స అవసరమగును.

వెన్నుపూసలలో డ్యూరా అను గట్టి పొర పొడవైన తిత్తివలె నుండును. దానిలో తేటనీటివంటి ద్రవము కలదు. మెదడు చుట్టును ఉన్నదానితో కలిపి అది సుమారు 150 మిల్లీలీటర్లే. కాని దినమునకు 500 వరకు క్రొత్తగా ఊరుచుండును. వెన్నుపాము నడుము పైభాగముననే ముగియును గనుక, దాని క్రింద ఈ ద్రవములో తేలునవి నరముల పోగులు మాత్రమే.

వైద్యుడు ఎముకను తొలగించునపుడు ఆ పొర ఆయన పనిముట్టు ప్రక్కనే యుండును. వయస్సుచే అది ఎముకకు అంటుకొన్నచోటను, పూర్వపు శస్త్రచికిత్స మచ్చకట్టినచోటను నిపుణుని చేతిలోనైనను చిరుగవచ్చును. 2011లో ప్రకటితమైన అమెరికా అధ్యయనములలో, మొదటిసారి బిళ్లకు చికిత్స పొందినవారిలో నూటికి ముగ్గురికిని, ఇరుకుమార్గమునకు చికిత్స పొందినవారిలో తొమ్మండుగురికిని ఇట్లు జరిగినది. అయినను కొన్నేండ్లకు చూచినపుడు చిరుగు కలిగినవారి స్థితి తక్కినవారికంటె చెప్పుకోదగినంత తీసిపోలేదు. కారణ మేమనగా, కంటబడిన చిరుగును అప్పుడే సన్నని దారముతో కుట్టుదురు. అవసరమైనచో కొవ్వుముక్కను గాని జిగురును గాని అద్ది మూయుదురు.

కంటబడనిదే అసలు చిక్కు. లేచి కూర్చున్నంతనే తలనొప్పి వచ్చును, పడుకొనగనే తగ్గును. 1898లో జర్మనీ వైద్యుడు ఆగస్ట్ బీర్, సహాయకునిచే తన నడుములోనికి సూది గ్రుచ్చించుకొని, ఈ తలనొప్పిని స్వయముగా అనుభవించెను! గాయమునుండి తేటనీరు కారుటయు మరియొక గుర్తు. ఆ దారిని క్రిములు లోనికి చేరినచో మెదడుపొరల వాపు రావచ్చును. ఏమియు తెలియని రోగి, అది నీరసపు తలనొప్పి యనుకొని కాఫీ త్రాగి, నాలుగు దినములు జాగుచేయును.

2005లో జేకబ్ మాథ్యూ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ప్రమాదము సంభవించినంతమాత్రమున వైద్యుడు నిర్లక్ష్యము చేసినట్లు కాదనెను. ఈ చిరుగునకు అది న్యాయమైన మాటయే. 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమున, సమ్మతి పొందుటకు ముందు గణనీయమైన అపాయములను రోగికి తెలుపవలెననియు, మిక్కిలి అరుదైనవాటి నన్నిటిని చెప్ప నక్కరలేదనియు నిర్ణయించెను. నూటికి ముగ్గురికో తొమ్మండుగురికో కలుగునది అరుదైన దనిపించుకొనునా? వైద్యుని చేయి జారుటను క్షమింపవచ్చును గాని నోరు మెదపకుండుటను క్షమించుట కష్టము.

కావున సంతకమునకు ముందే రోగి బంధువులు ఈ సంగతి అడుగవచ్చును. ఇంటికి పంపునపుడిచ్చు కాగితములో, పొర చిరిగినచో ఆ మాటయు, కుట్టినచో ఆ మాటయు వ్రాయించుకొనవలెను. మరల అదే చోట చికిత్స చేయవలసివచ్చిన వైద్యుడు మొట్టమొదట వెదకునది ఆ పంక్తినే.