మీటరు లైటు చెప్పే లెక్క

కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమంటే నింద ముందు ఫ్రిజ్ మీదికే పోతుంది. అసలు ఏది ఎంత తింటోందో మీటరునే అడగవచ్చు.

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్రలైటు వెలిగి ఆరుతుంటుంది. దాని పక్కన 3200 అనో, మరో అంకెనో ఉంటుంది. యూనిట్‌కి అన్నిసార్లు వెలుగుతుందన్నమాట. వెయ్యి వాట్లను గంటలోని 3600 సెకన్లతో గుణిస్తే 36 లక్షలు; దాన్ని మీ మీటరు మీది అంకెతో, అంటే 3200తో భాగిస్తే 1125. ఇప్పుడు ఇంట్లో అన్నీ ఆపి, ఇస్త్రీపెట్టె ఒక్కటే వేయండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, చాలామంది మరిచేది దాన్నే! లైటుకీ లైటుకీ మధ్య ఒకటిన్నర సెకను పడితే, 1125ని ఒకటిన్నరతో భాగించండి: 750 వాట్లు.

ఫ్రిజ్‌కి ఈ కిటుకు పనికిరాదు. దాని కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. పండక్కి ఊరెళ్లేటప్పుడు ఫ్రిజ్ ఒక్కటే ఉంచి, రీడింగ్ రాసుకోండి. మూడు రోజులకు తిరిగొచ్చి చూస్తే నాలుగున్నర యూనిట్లు పెరిగాయనుకోండి, రోజుకు ఒకటిన్నర. నెలకు 45 యూనిట్లు. బిల్లులో మిగతాదంతా ఎటు పోయిందో గీజర్‌నీ, ఏసీనీ అడగండి.